కర్ర కాదు... కన్ను కలవాలి!

కోలాటం చూడని తెలుగువారుండరు. 24 మంది చేతుల్లోని 48 కర్రలు ఒకే దెబ్బగా మోగుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. మరి ఆ దెబ్బను అలా కలిపిందెవరు? పలకా బలపం లేకుండా... నోటితో, కాలితో, కంటితో పాఠం చెప్పే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల కోలాటం గురువుల కథ ఇది.

పగటిపూట ఆళ్లగడ్డ రోడ్డు మీద వెళుతుంటే ఉలి దెబ్బలు వినిపిస్తాయి. రాయిని దేవుడిగా మలిచే శిల్పుల ఊరది. కొట్ల ముందు సగం చెక్కిన విగ్రహాలు, చుట్టూ రాతిపొడి, టక్ టక్‌మని ఆగకుండా చప్పుడు...

అదే దారిలో చీకటి పడ్డాక ఏ పల్లెలోకైనా తొంగి చూడండి. పండగ దగ్గర పడుతోందంటే చాలు, రామాలయం ముందు మళ్లీ అలాంటి చప్పుడే. ఈసారి రాయి మీద ఉలి కాదు, కర్ర మీద కర్ర. వీధిదీపం కింద ఓ వలయం. ఆ వలయం నడుమ తలకు తువ్వాలు చుట్టుకున్న ఓ పెద్దాయన. పాడుతుంటాడు, తాళం వేస్తుంటాడు, మధ్యలో ఒకరి మోచేయి సరిచేస్తాడు, ఇంకొకరిని భుజం పట్టుకుని తిప్పుతాడు. పాట మాత్రం ఆగదు.

రెండు చప్పుళ్లకీ ఓ పోలిక ఉంది. శిల్పి దగ్గర కుర్రాడు పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి ఎలా పడుతోందో చూసి, రాయి ఎలా పలుకుతోందో విని పని నేర్చుకుంటాడు. కోలాటమూ అంతే. కాకపోతే శిల్పికి ఎదురుగా ఉండేది ఒక్క రాయి. కోలాటం గురువుకు ఎదురుగా ఉండేది రెండు డజన్ల మంది మనుషులు. ఒకరికి సిగ్గు, ఒకరికి తొందర, ఇంకొకరికి కుడిఎడమల తికమక. వాళ్లందరినీ కలిపి ఒక్క లయగా మార్చాలి!

జంటే ఒక మనిషి

కోలాటానికి సరిసంఖ్య కావాలి. ఎనిమిది మందో, పదహారు మందో, ఇరవై నలుగురో... బేసిసంఖ్య వస్తే ఒకరు పక్కన కూర్చోవాలి, లేదా గురువే కర్రలు పట్టుకుని దిగాలి. ఎందుకంటే ఈ ఆటలో లెక్క మనుషులతో కాదు, జంటలతో. ఆ జంటకు మన పల్లెల్లో ‘ఉద్ది’ అని పేరు. చిన్నప్పుడు జట్లు పంచుకుని ఆడిన వాళ్లకు ఈ మాట బాగా గుర్తుండే ఉంటుంది. లోపలి వలయంలో ఒకరు, వెలుపలి వలయంలో ఒకరు ఎదురెదురుగా నిలబడతారు. ఆట సాగేకొద్దీ ఉద్దులు మారిపోతుంటాయి. ఒక్కో రకం నడకనీ, వరస మార్పునీ ‘కోపు’ అంటారు.

చేతుల్లో ఉండే కోలలు మూరెడు పొడవుంటాయి. చేవ ఉన్న కర్రయితేనే దెబ్బ ఖంగుమంటుంది. పచ్చికర్రయితే చప్పుడు చప్పబడిపోతుంది. కొందరు కోలల చివర చిన్న చిన్న మువ్వలు కూడా కడతారు.

ఇది నిన్నమొన్నటి ఆటేం కాదు. హంపీలోని మహర్నవమి దిబ్బ మీద రాతి పలకల్లో కోలలు పట్టుకుని ఆడుతున్న స్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు. ఇటలీ యాత్రికుడు పియత్రో దెల్లా వాల్లె 1623లో ఇప్పటి కర్ణాటకలోని ఇక్కేరిలో అమ్మాయిలు వలయంగా తిరుగుతూ, కర్రలు తాటిస్తూ పాడటం చూసి ముచ్చటపడి రాసుకున్నాడు. విజయనగర రాజ్యానికీ ఈ సీమకూ చుట్టరికం పాతదే. ఆళ్లగడ్డ నుంచి అడవి దారి పట్టి వెళితే వచ్చే అహోబిలం శ్రీకృష్ణదేవరాయలు దర్శించి కానుకలు సమర్పించిన క్షేత్రం. తమిళుల కోలాట్టం, కన్నడిగుల కోలాట, గుజరాతీల దాండియా... అన్నీ మన కోలాటానికి అక్కచెల్లెళ్లే.

రాయలసీమలో కోలాటానికి తోడు చెక్కభజన కూడా ఉంది. తాళపు బిళ్లలు బిగించిన చెక్కలు చేతబట్టి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గురువు పాడిన చరణాన్ని అందుకుంటూ అడుగులేస్తారు. రామాయణ, భారత కథలన్నీ ఆ పాటల్లోనే నడుస్తాయి. చాలా ఊళ్లలో ఈ రెండు ఆటలనూ నేర్పే గురువు ఒక్కరే.

మొదటిరోజు కర్ర ఇవ్వరు!

ఒక్కసారి మీరే ఆ వలయంలో నిలబడ్డారనుకోండి. కర్రలు ఎప్పుడిస్తారా అని చేతులు దురద పెడుతుంటాయి. కానీ గట్టి గురువు మొదటిరోజు కర్ర ఇవ్వడు. ముందు నడవమంటాడు. అంతే! వలయంగా, పాటకు తగ్గట్టుగా, ఒకరి వెనక ఒకరు ఊరికే నడవాలి.

ఇదేం పాఠం అనిపిస్తుంది. పది నిమిషాలు నడిచాక అసలు సంగతి బయటపడుతుంది. ముందున్న మనిషి అడుగు చిన్నది, మనది పెద్దది. మూడో చుట్టుకు ఆయన మడమ తొక్కేస్తాం. వెనకామె మన వీపుకు తగులుతుంది. గుండ్రంగా ఉండాల్సిన వలయం కోడిగుడ్డులా సాగిపోతుంది. అప్పటిదాకా మన అడుగు మన సొంతమనుకున్నాం. వలయంలో అది పదిమంది సొత్తు. ఈ ఒక్క ముక్కా ఒంటికి ఎక్కడానికే మొదటిరోజు సరిపోతుంది.

ఆ తర్వాత నోటి పాఠం. ఒకటి, రెండు, మూడు అనే లెక్క ఇక్కడ తక్కువ. ‘తకిట తకిట’ అంటే మూడు దెబ్బల నడక. ‘తకధిమి’ అంటే నాలుగు దెబ్బల నడక. గురువు అంటాడు, అందరూ అనాలి. నోరు అన్నాక కాలు వెయ్యాలి. కాలు పడ్డాక చెయ్యి కదలాలి. నోటికి రానిది కాలికి రాదన్నది ఈ బడిలో మొదటి సూత్రం. అంకె అయితే బుర్రలోనే ఆగిపోతుంది. ‘తకిట’ అనగానే మాత్రం ఒళ్లు దానంతటదే ఊగుతుంది. అక్షరం రాని ముసలవ్వకూ, ఆరో తరగతి మనవరాలికీ ఒకే పాఠం సరిపోవడానికి కారణం ఇదే.

పిలుపులోనూ ఓ మర్మం ఉంది. పల్లె గురువు సాధారణంగా పేర్లు పెట్టి పిలవడు. అబ్బీ, పాపా, అక్కా, వదినా... అన్నీ వరసలే. పొద్దున పొలంలో ఎదురైతే ఎలా పిలుస్తాడో వలయంలోనూ అలాగే. నేర్చుకునే వాళ్లకు అతడు అయ్యవారే. కానీ ఆ వరస పిలుపుతో సగం బెరుకు పోతుంది. అత్తాకోడళ్లు ఎదురెదురుగా నిలబడి కర్ర తాటించాల్సిన ఆటలో బెరుకు పోవడం చిన్న విషయమా?

కర్రను చూస్తే కర్ర తప్పుతుంది

ఇక కర్రలు చేతికొచ్చాయి. అన్నిటికన్నా తేలికైన నాలుగు దెబ్బల వరస తీసుకుందాం. మొదటి దెబ్బ మన కర్రలు రెండూ ఒకదానితో ఒకటి. రెండోది మన కుడికర్ర, ఉద్ది కుడికర్రతో. మూడోది మళ్లీ మన కర్రలు మనమే. నాలుగోది ఎడమతో ఎడమ. చదివితే ఎంత సులువు! ఆడితే తెలుస్తుంది.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటే. ఎదుటివాళ్ల కర్రను చూస్తారు. అది ఎక్కడుందో వెతికి దాన్ని కొట్టబోతారు. ఈలోగా అది కదిలిపోతుంది. దెబ్బ గాలిలోకి, లేదంటే వేళ్ల మీదికి! గురువు చెప్పే మందు ఒక్కటే. కర్ర వంక చూడొద్దు, ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి. కర్ర ఎక్కడికి రావాలో పాటే చెబుతుంది. ఇద్దరూ ఒకే పాట వింటున్నప్పుడు ఇద్దరి కర్రలూ ఒకే చోటికి వస్తాయి. మనం చెయ్యాల్సిందల్లా మన కర్రను వేళకు అక్కడ పెట్టడమే. మిగతా సగం ఉద్ది పని.

ఈ మాట వినడానికి తేలిక. నమ్మడం కష్టం. ఎదుటివాళ్లు వస్తారన్న నమ్మకంతో కర్ర చాచడమే కోలాటంలో అసలు చదువు. దెబ్బ గట్టిగా కొట్టేవాళ్లను గురువు మెచ్చుకోడు. కర్రను తగిలించాలే గానీ బాదకూడదు. గట్టిగా బాదితే ఎదుటివాళ్ల మణికట్టు అదురుతుంది, తర్వాతి దెబ్బకు వాళ్లు ఆలస్యమవుతారు, అక్కణ్నుంచి తప్పు గొలుసుకట్టుగా పాకుతుంది. మన బలం పక్కవాళ్లకు భారం కాకూడదన్నమాట.

తప్పు ఎవరిది?

పదహారు మంది ఆడుతున్నారనుకుందాం. లోపల ఎనిమిది మంది, బయట ఎనిమిది మంది. పల్లవి తిరిగినప్పుడల్లా బయటివాళ్లు ఒక్కో స్థానం జరుగుతారు. కొత్త ఉద్ది, మళ్లీ కొత్త ఉద్ది. ఎనిమిది సార్లు జరిగేసరికి మొదటి ఉద్ది మళ్లీ ఎదురు రావాలి. వచ్చిందా, ఎవరూ దారి తప్పనట్టే. రాలేదా, ఎక్కడో ఎవరో ఒక స్థానం మింగేశారు. పరీక్షా, మార్కులూ, ఫలితాలూ అన్నీ అందులోనే!

మరి తప్పు దొర్లినప్పుడు గురువు ఏం చేస్తాడు? అక్కడే గురువుకూ గురువుకూ తేడా తెలుస్తుంది. ఒకాయన ఆట ఆపి, తప్పినవాళ్లను ముందుకు పిలిచి చూపిస్తాడు. పాఠం స్పష్టంగా ఉంటుంది. కానీ బిడియస్తులు మర్నాడు రారు. ఇంకొకాయన ఆట ఆపడు. ఆ పల్లవినే మళ్లీ ఎత్తుకుంటాడు. ఒకటికి నాలుగుసార్లు పాడతాడు. పాడుతూనే తడబడుతున్న మనిషి పక్కకు వెళ్లి, తన అడుగు ఆమెకు కనిపించేలా వేస్తాడు. ఎవరి కోసం పల్లవి నాలుగుసార్లు తిరిగిందో మిగతావాళ్లకు తెలియనే తెలియదు. తప్పినామె సర్దుకోగానే చరణంలోకి వెళ్లిపోతాడు.

మూడో పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. కొత్తవాళ్లను కొత్తవాళ్లతో కలపకుండా, ఆటలో పండిన వాళ్ల మధ్య నిలబెట్టడం. ఇటు అక్క, అటు వదిన, నడుమ పాప. రెండువైపులా లయ సరిగ్గా నడుస్తుంటే మధ్యలో ఉన్నవాళ్లు తప్పుదామన్నా తప్పలేరు. గురువు నోరు విప్పకుండానే పాఠం అయిపోతుంది. ఇక్కడ పాఠం చెప్పింది గురువు కాదు, వలయం.

ముడి చెప్పే నిజం

ఇన్ని పాఠాలకూ పరాకాష్ఠ జడకోలాటం. పైన ఒక చోట కట్టిన తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఆడేవాళ్లు ఒక్కో తాటి కొస పట్టుకుంటారు. సగం మంది ఒకవైపు, మిగతా సగం ఎదురువైపు తిరుగుతారు. ఎదురైన మొదటి మనిషిని లోపలినుంచి దాటితే రెండో మనిషిని వెలుపలినుంచి దాటాలి. అలా తిరుగుతూ ఉంటే పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది అప్పుడే.

గురువుకు మాత్రం అసలు భయం ఆ తర్వాతే మొదలవుతుంది. అల్లిన జడను విప్పాలి కదా! వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. చివరి అడుగు మొదటిదవుతుంది. మొదటి అడుగు చివరిదవుతుంది. అల్లేటప్పుడు ఒక్కరు ఒక్కచోట లోపలికి బదులు బయటికి వెళ్లినా ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. విప్పేటప్పుడు ముడి పడి కూర్చుంటుంది. అక్కడ అబద్ధం చెల్లదు. అలాగని ఒక్కరే నిలబడి ముడి విప్పలేరు. అందరూ ఆగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు రావాలి. ఒక్కరి తప్పును దిద్దడానికి ఊరంతా వెనక్కి నడిచే చదువు ఇంకెక్కడైనా ఉందా?

గజ్జెపూజనాడు...

కోలాటం గురువును పిలిపించుకునే తీరు కూడా ఓ ముచ్చట. ఊళ్లో గురువు లేకపోతే పక్క ఊరి నుంచి తెచ్చుకుంటారు. కొన్ని వారాల పాటు ఆయన ఆ ఊళ్లోనే ఉంటాడు. పూటకొక ఇంట్లో భోజనం. అందరూ తలాకొంత వేసుకుని ముట్టజెప్పే సంభావన. పగలు ఎవరి పనులు వారివి. రాత్రి భోజనాలయ్యాక సాధన. ఆట పట్టుబడ్డాక మంచిరోజు చూసి గజ్జెపూజ చేస్తారు. గురువుకు కొత్తబట్టలు పెట్టి, దక్షిణ తాంబూలాలిచ్చి, కాళ్లకు దండం పెట్టి, ఊరి ముందు తొలి ఆట ఆడతారు. ఆ మర్నాడు గురువు సంచీ సర్దుకుని ఇంకో ఊరికి బయల్దేరతాడు.

చెప్పుకోవడానికి ఎంతో గౌరవం. కానీ ఏడాది పొడవునా ఇల్లు గడిచే పని కాదు. పండగల కాలం పోతే మళ్లీ పొలమో, కూలో, చిన్న వ్యాపారమో చూసుకోవాల్సిందే. కొడుకును ఈ విద్యలో పెట్టడానికి గురువు వెనకాడితే తప్పు పట్టలేం.

నోటి పాట... పెట్టె పాట

గత రెండు మూడు దశాబ్దాల్లో కోలాటం చాలా మారింది. ఒకప్పుడు ఈ పల్లెల్లో ఎక్కువగా మగవాళ్లు ఆడేవాళ్లు. ఇప్పుడు ఎక్కడ చూసినా మహిళా బృందాలే. ఒకే రంగు చీరలు, ఒకే తీరు కొప్పులు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు ఎన్నో జిల్లాల కోలాట బృందాలు ఆడుతూ సాగుతాయి. తిరుమల తిరుపతి దేవస్థానం దాస సాహిత్య ప్రాజెక్టు తరఫున జరిగే మెట్లోత్సవానికి ఊరూరి నుంచీ భజన మండళ్లు తరలివస్తాయి. ఇంటిపని, పొలంపని అయ్యాక రాత్రి రెండు గంటలు తనకోసం తాను దొరకడం ఎంతోమంది ఇల్లాళ్లకు కోలాటం ఇచ్చిన వరం. స్వామి సేవ పేరు చెబితే ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లూ తక్కువ.

ఆడేవాళ్లతో పాటు నేర్పే తీరూ మారింది. ఇప్పుడు గురువుల్లో మూడు రకాలు కనిపిస్తారు. మొదటి రకం పాతకాలపు నోటిపాట గురువు. రెండో రకం ఈల గురువు. బృందం పెద్దదైతే గొంతు అందరికీ వినిపించదు కాబట్టి ఈల ఊది కోపు మారుస్తాడు. ఒక ఈలకు తిరగడం, రెండు ఈలలకు కూర్చోవడం... ఇలా ఎవరి సంకేతాలు వారివి. మూడో రకం పెట్టెపాట గురువు. రికార్డు చేసిన పాట స్పీకర్లో పెట్టి, ఏ చరణానికి ఏ కోపో ముందే నిర్ణయించి నేర్పిస్తాడు. ఆ వీడియో సెల్‌ఫోన్లలో అందరికీ చేరుతుంది.

మూడో పద్ధతిని తీసిపారేయడం అన్యాయం. ఒకరోజు సాధనకు రాలేని ఇల్లాలు ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ చూసి పాఠం అందుకుంటుంది. గొంతు లేనివాళ్లు కూడా నేర్పగలరు. నంద్యాల పట్నంలో అపార్టుమెంటు ఆవరణలోనైనా, పల్లెలో గుడి ముందైనా ఒకే ఆట ఆడుకోవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే... పెట్టెపాట మనిషి కోసం ఆగదు. పాప తడబడింది కదా అని పల్లవి ఇంకోసారి తిరగదు. వృద్ధురాలు అలసిపోయింది కదా అని నడక నెమ్మదించదు. పాడే గురువు చేతిలో పగ్గం ఉంటుంది. ఎద్దు అలసట చూసి కాడి నిలిపే రైతులా అతడు పాటను పట్టి ఉంచగలడు. పెట్టెపాటకు ఆడేటప్పుడు మనుషులే పాట వెంట పరుగెత్తాలి. దాంతో ఎవరు సరిగ్గా అందుకోలేరో వాళ్లను ముందే పక్కన పెట్టేయడం మొదలవుతుంది. అందరినీ ఆడించడానికి పుట్టిన ఆట, బాగా ఆడేవాళ్ల ఆటగా మిగులుతుంది.

వీడియోకు ఇంకో చిక్కు. వలయాన్ని ఒక పక్క నుంచి తీస్తే దగ్గరివాళ్ల వీపులు, దూరంవాళ్ల ముఖాలు కనిపిస్తాయి. ఉద్ది ఎక్కడ? ఎదురుగా ఉన్న గురువు కుడిచెయ్యి తెర మీద మనకు ఎడమవైపు కనిపిస్తుంది. ఇంట్లో ఒంటరిగా చూసి నేర్చుకున్నవాళ్లకు అడుగులన్నీ వస్తాయి గానీ, ఎదుటి కళ్లలోకి చూసి కర్ర చాచడం రాదు. దానికి ఎదురుగా మనిషి ఉండాల్సిందే.

హార్లెమ్‌లో మన గురువుకో అన్న

ఇది మన పల్లెల సమస్యేననుకుంటే పొరపాటు. జంటగా ఆడే ఆట ఎక్కడున్నా ఈ ప్రశ్న ఎదురయింది. సముద్రాలవతల, అమెరికాలో జరిగిన ఓ సంగతి వినండి.

న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెమ్. అక్కడ 1926లో సవాయ్ బాల్‌రూమ్ అనే నృత్యశాల తెరిచారు. నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద కలిసి ఆడటం అప్పట్లో అరుదైన సంగతి. ‘స్వింగ్’ అనే జాజ్ సంగీతానికి జంటలుగా ఆడే ‘లిండీ హాప్’ అక్కడే వికసించింది. ఆ ఆటలో పేరు మోసిన కుర్రాడు ఫ్రాంకీ మానింగ్. 1914లో పుట్టాడు. 1941లో వచ్చిన ‘హెల్జాపాపిన్’ సినిమాలో తన బృందంతో మెరుపులా ఆడాడు. తర్వాత ఆ సంగీతానికి ఆదరణ తగ్గింది. మానింగ్ తపాలాశాఖలో ఉద్యోగంలో చేరి మూడు దశాబ్దాలు అక్కడే గడిపేశాడు. సవాయ్ 1958లో మూతపడింది.

1980ల్లో కథ మలుపు తిరిగింది. పాత సినిమాల్లో ఆ ఆట చూసి మోజుపడ్డ అమెరికా, స్వీడన్ యువతీయువకులు అసలు ఆటగాళ్లు ఎక్కడున్నారా అని వెతుక్కుంటూ వచ్చారు. సినిమాను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా వాళ్లకు దొరకనిదేదో ఉంది. దాన్ని మనిషి దగ్గరే నేర్చుకోవాలి. మానింగ్ సవాయ్‌లో అంకెలు లెక్కపెట్టి నేర్చుకున్నవాడు కాదు. అందుకే నోటితో లయను పాడుతూ అడుగులు చూపించేవాడు... అచ్చం మన ‘తకిట’ గురువులాగే! ఎదుట ఉన్న స్త్రీని మహారాణిలా చూసుకోవాలనీ, తలవంచి గౌరవించాకే ఆట మొదలుపెట్టాలనీ నేర్పేవాడు. 1989లో ‘బ్లాక్ అండ్ బ్లూ’ అనే సంగీతరూపకానికి నృత్యం సమకూర్చినందుకు టోనీ పురస్కారం అందుకున్నాడు. స్వీడన్‌లోని హెరాంగ్ అనే చిన్న పల్లెలో 1982 నుంచి జరుగుతున్న నృత్య శిబిరంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. 2009 ఏప్రిల్‌లో, 95వ పుట్టినరోజుకు నెల ముందు కన్నుమూశాడు.

ఆయన వెళ్లిపోయినా ఆట ఆగలేదు. ఎందుకంటే ఆ పాతికేళ్లలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎందరో తిరిగి గురువులయ్యారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ స్వింగ్ తరగతికి వెళ్లినా సాధారణంగా కనిపించే పద్ధతి ఒకటుంది. నేర్చుకునేవాళ్లు వలయంగా నిలబడతారు. కొద్ది నిమిషాలకోసారి జంటలు మారతాయి. కొత్తవాళ్లకు పాతవాళ్లు ఎదురవుతారు. మనం ఉద్ది మారడం అంటామే... అదే!

ఆడించేవాళ్లు ఏరి?

హార్లెమ్ కథలోంచి మనం అందుకోవాల్సిన ముక్క ఇక్కడుంది. ఆట నేర్పడం వేరు. ఆడించడం నేర్పడం వేరు. ఈరోజు నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో కోలాటం నేర్చుకునే పిల్లలకు అడుగులొస్తున్నాయి, పాటలొస్తున్నాయి. కానీ వలయం నడుమ నిలబడి, ఎవరు తడబడుతున్నారో కనిపెట్టి, పల్లవిని పట్టి ఉంచి, సరైన క్షణంలో కోపు మార్చే విద్య ఎంతమందికి అబ్బుతోంది? అది ఏ వీడియోలోనూ కనిపించదు. ఎందుకంటే కెమెరా ఆడేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది. గురువు చూపు ఎటు పోతోందో అందులో పడదు.

మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటి పెద్దలు ఊరూరి ఆటలనూ పుస్తకాలకెక్కించారు కాబట్టి ఏకకోలాటం, జంటకోలాటం, జడకోలాటం అనే పేర్లు నిలిచాయి. పేర్లు పుస్తకంలో దాచుకోవచ్చు. నేర్పే ఒడుపు మాత్రం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికే చేరాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వారానికి ఒక రాత్రి పెట్టెపాట కట్టేసి, నోటిపాటతో ఆడుకుంటే చాలు. ఆ రాత్రి ఒక్కో పాటకు ఒక్కొక్కరు నడుమ నిలబడి ఆడించాలి. ఇంటర్ చదివే అమ్మాయి తన తల్లినీ, మేనత్తనూ ఆడించాలి. తప్పుతుంది, నవ్వుకుంటారు, మళ్లీ మొదలుపెడతారు. గురువు ఆ పూట వలయంలో నిలబడి ఒక ఉద్దిగా ఆడాలి. ఫోను చేతిలో ఉన్నవాళ్లు ఆటతో పాటు సాధనను కూడా తీయాలి. గురువు గొంతు, ఆయన పలికే జతులు, కోపుల పేర్లు, తప్పును సర్దే తీరు... అవన్నీ రేపటి గురువుకు పాఠ్యపుస్తకం.

నల్లమల దారిలో...

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది. జిల్లా కొత్తదే గానీ ఇక్కడి వేడుకలు పాతవి. ఏటా సంక్రాంతి కాగానే అహోబిల నరసింహస్వామి పారువేటకు బయల్దేరతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని పిలవడానికి స్వామే పల్లకీలో ఊరూరూ తిరుగుతాడని ఇక్కడివారి నమ్మకం. 30కి పైగా ఊళ్లు, 40 రోజులకు పైగా ప్రయాణం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరతాడు. పల్లకీ వచ్చిన ఊరు ఆ పూట తిరునాళ్లయిపోతుంది. స్వామి ముందు భజనలు, కోలాటాలు సాగుతాయి.

దేవుడే ఇంటింటికీ వచ్చి పిలిచే నేల ఇది. ఎవరినీ వదలకుండా కలుపుకుపోవడం ఇక్కడివాళ్లకు కొత్తగా నేర్పాలా? కోలాటం గురువు ఇన్నాళ్లూ చేసిందీ ఆ పనే. బిడియపడే పాపను, మోకాళ్ల నొప్పుల అవ్వను, తొందరపాటు కుర్రాణ్ని ఒకే వలయంలో నిలబెట్టి, ఎదుటి కళ్లలోకి చూడమన్నాడు.

ఈసారి మీ ఊళ్లో కోలాటం చూసేటప్పుడు ఒక్క క్షణం కర్రల మీంచి చూపు తిప్పి, వలయం నడుమ ఉన్న మనిషి వైపు చూడండి. ఆట అయ్యాక దగ్గరికి వెళ్లి ఓ కోపు పేరు అడగండి. వీలైతే మీ పిల్ల చేతికి రెండు కోలలిచ్చి ఆయన ముందు నిలబెట్టండి.

మొదటిరోజు కర్రలు తిరిగి తీసేసుకుని నడవమంటాడు. కంగారు పడకండి. పాఠం మొదలైనట్టే!